తుప్ప కొట్టే వేళ

మా అపార్ట్‌మెంట్ వెనకవైపు, కార్లు సెల్లార్‌లోకి దిగే వాలు పక్కన, ఒక నేరేడు చెట్టు ఉంది. బిల్డరు నాటినది కాదు. నల్లగండ్లలో ఈ వీధులు పడకముందు నుంచీ ఉన్నదేనని పాతకాపులు చెబుతారు. గుట్టని తొలిచినప్పుడు దాన్నెందుకు వదిలేశారో ఎవరికీ తెలీదు. బహుశా ప్లానుకి అడ్డం రాలేదేమో. ఏటా జూన్‌లో అది కాయడం, కింద నిలిపిన కార్ల మీద ఊదా మరకలు పడటం, వాట్సాప్ గ్రూపులోకి ఆ మరకల ఫొటోలు రావడం, ఎవరో ఒకరు చెట్టు కొట్టేయాలనడం, ఇంకెవరో పర్యావరణం మీద చాంతాడంత మెసేజ్ పెట్టడం మామూలే. పోయిన జూన్‌లో మాత్రం రాజీ కుదిరింది. నర్సరీల వాళ్లు నీడకి కట్టే ఆకుపచ్చ వల ఒకటి తెచ్చి, కొమ్మల కిందా కార్ల పైనా, ఇనుప గొట్టాలకి బిగించి కట్టారు. పళ్లు వలలో పడతాయి, కార్లకి ఢోకా లేదు. వాచ్‌మన్ అప్పుడప్పుడూ నిచ్చెన వేసుకుని ఎక్కి, పులిసిపోయి ఈగలు ముసిరిన పళ్లని చెత్త డబ్బాలోకి దులిపేవాడు. అభ్యంతరం చెప్పడానికి నాకేమీ దొరకలేదు. మా కారూ ఆ వరసలోనే ఉంటుంది. అయినా బాల్కనీలోంచి చూసినప్పుడల్లా ఆ వల నన్ను గుచ్చేది. అందులో తప్పేముందని?

ఆ గుచ్చుకునేది ఏమిటో పట్టుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. ఇలాంటి వలల్నే ఇంకెక్కడో చూశాను. ఇటలీలో లిగూరియా తీరం ఫొటోల్లో. అక్కడ కొండలు సముద్రం ఒడ్డు నుంచే నిటారుగా లేస్తాయి. వాటిని మెట్లు మెట్లుగా కోసి, మెట్టు మెట్టుకీ రాళ్ల గోడ కట్టి, ఆ సన్నటి పట్టీల మీద ఆలివ్ చెట్లు పెంచుతారు. కాయ కోతకొచ్చేసరికి చెట్ల కింద నేలంతా వలలు పరిచి ఉంటాయి. దాదాపు అదే వల, అదే అల్లిక. అక్కడ వల కట్టింది కాయని దక్కించుకోవడానికి, మేము కట్టింది కాయని తప్పించుకోవడానికి. ఇంత చిన్న తేడాకి ఇంత ఆలోచన దేనికి అని నన్ను నేనే విసుక్కున్నాను. అయినా వంటింట్లో ఆలివ్ నూనె సీసా తీసినప్పుడల్లా దాని మీది బొమ్మని చూడటం అలవాటైపోయింది. వెండిరంగు ఆకులు, రెండు కాయలు, ఒక్కోసారి చెక్క గానుగ బొమ్మ. నేల బొమ్మ ఏ సీసా మీదా కనబడలేదు. చెట్టు కింద నేలని కూడా ఎవరో తయారు చేసి ఉంచాలి కదా, దాని జాడ ఎక్కడా లేదేమిటి?

ఆ తయారీ గురించి చదివిన కొద్దీ నాకు కోత కన్నా అదే ముఖ్యమేమో అనిపించింది. మధ్యధరా చుట్టూ చాలాచోట్ల అక్టోబరు, నవంబరుల్లో కోత మొదలవుతుంది. పని అంతకు ఎంతో ముందే మొదలవుతుంది. వేసవంతా ఎండి నిలిచిన గడ్డినీ ముళ్లకంపల్నీ కోసేస్తారు. చెట్టు మొదట్లోంచి పొడుచుకొచ్చిన పిలకల్ని నరికేస్తారు. కిందటి వానలకి జారిన గోడ రాళ్లని ఏరి మళ్లీ పేరుస్తారు. ఆ తర్వాతే వలలు. చదును నేల మీద వల వేయడంలో ఏముంది, దుప్పటి పరిచినట్టు పరిచేయొచ్చు. వాలు మీద అలా కుదరదు. గుండ్రటి కాయ పడినచోట ఉండదు, దొర్లుతుంది. అందుకని పై వల అంచు కింది వల మీదికి వచ్చేలా వేస్తారు. అన్నిటికన్నా కింద ఉండే అంచుని కర్రలు పాతి ఎత్తి కడతారు, దొర్లివచ్చిన కాయ అక్కడ ఆగాలని. కాయ మట్టిలో పడి, నలిగి, నాలుగు రోజులు అక్కడే ఉండిపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే అది 0.8 శాతం దాటకూడదు. అంటే సీసా మీద సగర్వంగా రాసుకునే ఆ రెండు మాటల వెనక, కోతకు ముందు ఎవరో వంగి కంప కొట్టిన పని కూడా ఉంది. బొమ్మ వేయకపోయినా లెక్కలోకి వచ్చింది, పోనీలే అనుకున్నాను.

గోడల సంగతి ఇంకా ముచ్చటైనది. సున్నం లేదు, సిమెంటు లేదు. అడుగున పెద్ద రాళ్లు, రెండు రాళ్ల అతుకు మీద మూడో రాయి, గోడ మొత్తం కొండ వైపు కొద్దిగా ఒరిగి ఉండాలి. వెనక చిన్న రాళ్లు నింపుతారు. వాన నీరు మట్టిలోకి ఇంకి ఆ సందుల్లోంచి మెల్లగా బయటికి వస్తుంది. నీటికి దారి వదిలారు కాబట్టే గోడ నిలుస్తుంది. వెనక నీరు బిగదీసుకుపోతే ఎంత లావు గోడైనా పొట్ట ఉబ్బి కూలుతుంది. ఈ కట్టుబడి విద్యను 2018లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. క్రొయేషియా, సైప్రస్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, స్లొవేనియా, స్పెయిన్, స్విట్జర్లాండ్, ఎనిమిది దేశాలు కలిసి అడిగాయి దాన్ని. మా సెల్లార్ వాలు పక్కన కూడా ఒక గోడ ఉంది. ఇక్కడి గ్రానైటు వయసు 250 కోట్ల ఏళ్లకి అటూ ఇటూగా చెబుతారు. దాన్ని పేల్చి, కోసి, అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగి, అంచుకి కాంక్రీటు గోడ పోశారు. మనమూ కొండకి మెట్లే కోశాం మరి, కాకపోతే కిందికి. ఆ గోడకి కూడా వెనక నీరు పోవడానికి అక్కడక్కడా పీవీసీ గొట్టాలు పెట్టారు. ఆగస్టు వానల్లో వాటిలోంచి నీరు కారుతుంటే ‘లీకేజీ, అర్జంట్’ అని గ్రూపులో ఫొటో వచ్చింది. అది లీకేజీ కాదు, గోడ ఊపిరి తీసుకుంటోంది అని టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. ఇలాంటివి పంపితే తర్వాతి మీటింగులో అందరూ మనవైపు ఒక రకంగా చూస్తారు.

అసలు నేను లిగూరియా దాకా ఎందుకు వెళ్లాలి? మాది పలాస వైపు. జీడి మధ్య పుట్టి, ఆలివ్‌ల దగ్గర మొదలుపెట్టానంటే నల్లగండ్ల సూపర్‌మార్కెట్ అలమరలు నా బుర్రలో ఎంత చోటు ఆక్రమించాయో తెలుస్తూనే ఉంది. అయితే మా ఉద్దానంలో జీడి తోటలు సముద్రపు గాలికి, ఇసుక నేలల మీద, చాలా మటుకు చదునుగా ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వేళ్లతో సహా పడదోసిన తోటలు అవే. అక్కడి కోత నాకు తెలుసు. పిక్కల బస్తా ఎనభై కిలోలు తూగడమూ తెలుసు, పలాసలో పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి నల్లబడి తోలు ఊడటమూ తెలుసు. వాలు మీది జీడిని మాత్రం చిన్నప్పుడు మా నాన్న పాలకొండలో పనిచేసిన రోజుల్లోనే మొదటిసారి చూశాను. పాలకొండ దాటి సీతంపేట వైపు పోతే కొండలు దగ్గరికొస్తాయి. ఆ కొండల ఒంటి మీద, మనిషి నిలబడితే కాలి మడమ కింద మట్టి జారే చోట, జీడి చెట్లు వంగి, పక్కలకి పాకి, నేలని కౌగిలించుకున్నట్టు ఉంటాయి. సవర గిరిజనుల పోడు భూములవి. తర్వాతి కాలంలో పోడు కొట్టుకునే చోట నిలకడైన తోటలు వేయమని సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కూడా ప్రోత్సహించింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి ఈ చెట్టుని మన దేశానికి తెచ్చింది పప్పు కోసం కాదు, తీరంలో కోసుకుపోయే వాలు నేలల్ని పట్టి ఉంచడానికి అంటారు. అది నిజమైతే ఆ చెట్టు ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పనిలోనే ఉందన్నమాట.

జీడి కోతలో ‘కోత’ తక్కువ. ఆలివ్‌ని దువ్వెనలాంటి పరికరంతోనో కర్రతోనో రాలుస్తారు, జీడిని రాల్చకూడదు. పచ్చిగా దులిపిన పిక్కలో పప్పు సరిగా గట్టిపడదు. పండు దానంతట అది రాలాలి, కింద పడిన పండుకి వేలాడే పిక్కని మెలిపెట్టి తీసుకోవాలి. మార్చి నుంచి మే వరకూ రోజూ తోటలోకి పోయి వంగి ఏరుకోవడమే. కాబట్టి పంటంతా నేల మీదే ఉంది. ఆ నేల తుప్పలతో మూసుకుపోతే ఉన్న పంట లేనట్టే. అందుకే సంక్రాంతి దాటి చెట్లు పూత మీద ఉండగానే తుప్ప కొడతారు. కత్తి పట్టుకుని, వాలుకి అడ్డంగా కదులుతూ, చెట్టు గొడుగు ఎంత మేర ఉందో అంత మేరా, ఇంకాస్త కిందికి కూడా, నేల కనబడేలా చెయ్యాలి. కొట్టిన కంపని తోట బయటికి లాగాలి, లేదా చెట్టుకి కింది వైపున వాలుకి అడ్డంగా కట్టలా పేర్చాలి. చెట్టుకి పైవైపు మట్టి గీసి కిందివైపు పోసి, నెలవంకలా ఒక చిన్న గట్టు చేస్తే ఇంకా మంచిది. వాన నీరు వేళ్ల దగ్గర ఆగుతుంది, దొర్లే పండూ ఆగుతుంది. జీడి పరిశోధకులు కూడా వాలు భూములకి సరిగ్గా ఈ అర్ధచంద్రపు గట్టునే చెబుతారు. లిగూరియాలో వల అంచుని కర్రలతో ఎత్తి కట్టినవాడూ, ఇక్కడ మట్టి గట్టు పోసినవాడూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. వాళ్లిద్దరికీ ఒకటే తెలుసు: కాయ దొర్లుతుందని.

ఇదంతా నాకు ఇంత వివరంగా చెప్పింది మా వాచ్‌మన్ భార్య. వాళ్లది సీతంపేట కొండ మీద ఒక సవర గూడ. భవనాల కూలికి వచ్చి, పని అయిపోయాక ఇక్కడే కాపలాకి కుదురుకున్నారు. సెల్లార్ మెట్ల పక్క గది వాళ్లిల్లు. ఊరు దగ్గరే అని తెలిశాక మా ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి. నేను గొప్ప సంగతి కనిపెట్టినట్టు, కోతకు ముందు అంత కష్టపడి తుప్ప ఎందుకు కొడతారని అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

“తుప్ప కొట్టకపోతే పిక్కెలాగ అవుపడతాదమ్మా? పిక్కా అవుపడదు, పావూ అవుపడదు.”

పాము సంగతి నాకు తట్టనే లేదు. వాలు మీద, ఎండుటాకుల్లో చెయ్యి పెట్టి ఏరే మనిషికి నేల శుభ్రత అంటే ముందు ప్రాణం సంగతి, తర్వాతే పంట. ఇటలీ ఫొటోలు చూసి నేను అల్లుకున్న అందమైన ఊహల్లో పాముకి చోటు లేకపోయింది. వలని చూపించి, దీని గురించి నువ్వేమనుకుంటున్నావని అడిగాను. “కట్టినారు గదమ్మా, మంచిదే. ఆయన నిచ్చెనెక్కలేక ఛస్తన్నాడు” అంది. ఇక్కడ నా కథకి ఆమె ఇంకేదైనా లోతైన మాట చెబితే బాగుండేది. ఇలాంటి రచనల్లో పని చేసే ఆడవాళ్లు సాధారణంగా తత్త్వం చెబుతారు. నేనూ అలాంటివి రాసి మార్కులు కొట్టేసిన రోజులు లేకపోలేదు. కానీ ఆమె చెప్పింది మోకాళ్ల గురించి. కొండ వాలులో అడ్డంగా నిలబడి ఒంగి పనిచేస్తే ఒక కాలు ఎప్పుడూ పైనా ఒకటి కిందా ఉంటుంది, ఏళ్ల తరబడి అలా చేస్తే కిందికాలి మోకాలు పోతుంది. నల్లగండ్ల నేల చదును. అదొక్కటే ఇక్కడ తనకి బాగా నచ్చిందట.

సవరల గురించి చదువుదామని కూర్చుంటే వాళ్ల మెట్ల పొలాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కొండ వాగుల వెంట, రాళ్లతో నిలువు గోడలు కట్టి, మెట్టు మీద మెట్టుగా మడులు చేసి వరి పండిస్తారు. పై మడిలో నిండిన నీరు కింది మడిలోకి దిగుతుంది. 1909లో వచ్చిన, దక్షిణ భారత కులాలు, తెగల మీది ఎడ్గార్ థర్స్‌టన్ సంపుటాల నాటి నుంచీ ఆ కొండలెక్కి రాసిన వాళ్లు ఈ కట్టుబడిని మెచ్చుకుంటూనే ఉన్నారు. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులు ఈ కొండల్లోకే వెళ్లి సవర నేర్చుకున్నారు. మన్యం జ్వరానికి మింగిన క్వినైను ఆయన వినికిడిని తినేసిందంటారు. చెవులు పోయినా 1931లో సవర భాషకి వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఆయన ఫొటోకి దండ వేసే మనం, ఆయన ఎవరి మాట వినడానికి చెవులు పోగొట్టుకున్నారో వాళ్ల పొలం గట్టుని ఎందుకు చూడలేదు? మధ్యధరా రాతి గోడకి యునెస్కో కాగితం దొరికింది. సవర రాతి గోడకి దొరకలేదు. దొరికితే మాత్రం ఏం ఒరుగుతుంది అని కూడా అనిపిస్తుంది. పాలస్తీనాలో బత్తీర్ అనే ఊరుంది. కొండ మెట్లు, ఆలివ్ చెట్లు, ఊటనీటిని ఎనిమిది కుటుంబాల వాళ్లు వంతులేసి పంచుకునే పాత పద్ధతి. 2014లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలం అన్నారు, అదే రోజు ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోనూ రాశారు. దాని పొలాల మీదుగా గోడ కట్టే పథకం ఉండబట్టి. అది వేరే రకం గోడ, దాని సందుల్లోంచి ఏమీ ఇంకదు.

తుప్ప కొట్టడాన్ని నేను మరీ పవిత్రం చేసేస్తున్నానా? దానికి ఇంకో ముఖం ఉంది. కొట్టిన కంపని మోసే ఓపిక లేక నిప్పు పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ నిప్పు గట్టు దాటితే అడవికి అంటుకుంటుంది. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పచెట్ల కింద కూడా అంతే. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. రాలిన పువ్వు ఎండుటాకుల్లో కలిసిపోకుండా, ముందే చెట్టు కింద ఆకుని ఊడ్చి కాలుస్తారు. తెల్లారేసరికి శుభ్రమైన నేల మీద పూలు పడి ఉంటాయి, ఎలుగుబంటి కన్నా ముందు పోతే మనవి. ఆ చెట్టూ నూనె చెట్టే, ఇప్పగింజల నూనె చల్లబడితే నెయ్యిలా గడ్డ కడుతుంది. ఆ కొద్దిపాటి మంట వల్ల వేసవిలో అడవి తగలబడుతోందని అటవీశాఖ ఏటా చెబుతుంది. చెట్టు కింద వలలు కట్టి పువ్వు పట్టే ప్రయత్నాలు ఛత్తీస్‌గఢ్‌లో జరిగాయి. నేల ఊడ్చే పని తప్పుతుంది, పువ్వుకి మట్టి అంటదు, మంట అక్కర్లేదు. ఇదిగో, ఇక్కడ వల మంచిదే అయింది! నేను బాల్కనీలోంచి వల మీద కక్ష పెంచుకున్నది అన్యాయమేమో.

ఇంకోటి. వాలు భూమిలో తుప్ప కొట్టడం అంటే, ఈ నేల మాది అని చెప్పడం కూడా. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో ఒకటవ నంబరు చట్టం వచ్చింది. తరాలుగా దున్నుకుంటున్న అటవీ భూమికి హక్కు కోరే వీలు 2006 చట్టంతో వచ్చింది. ఆ మధ్యలో ఎన్ని గొడవలు జరిగాయో శ్రీకాకుళం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. కాగితం రాకముందు ఆ కొండ మీద సాగులో ఉన్నానని చూపించుకోవడానికి మనిషికి ఉన్నది కొట్టిన తుప్ప, పేర్చిన రాయి, కాసే చెట్టు. ఒక్క రెండేళ్లు వదిలేస్తే కొండ దాన్ని వెనక్కి తీసేసుకుంటుంది. పక్కవాడో అడవో, ఎవరు ముందొస్తే వాళ్లది. మా అపార్ట్‌మెంట్లో నా వాటా భూమి ఎంతో సేల్ డీడ్‌లో గజాల్లో రాసి ఉంది. అది ఏ చోట ఉందో నాకు తెలీదు, దాని మీద ఒక పుల్ల విరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. సుఖమే. ఈ సుఖాన్ని వదులుకుంటావా అంటే వదులుకోను. కొండ మీద కంప కొట్టేవాళ్లని దూరం నుంచి మెచ్చుకోవడం ఈ సుఖం ఉండబట్టే కుదురుతోందని మాత్రం తెలుస్తూ ఉంటుంది.

వదిలేసిన మెట్లు ఏమవుతాయో ఇటలీలోనే ఒకసారి చూశారు. లిగూరియా తీరంలోని చింక్వే తెర్రె కొండలకి ద్రాక్ష, ఆలివ్ మెట్లు ఉన్నాయి. పిల్లలు పట్నాలకి పోయారు, ముసలివాళ్లు ఎక్కలేకపోయారు, గోడ జారితే పేర్చేవాళ్లు లేరు. 2011 అక్టోబరు 25న కుంభవృష్టి పడి వెర్నాజ్జా, మోంతెరోస్సో ఊళ్లని బురద ముంచెత్తింది. కొన్ని గంటల వాన అది, కానీ పాడుబడిన మెట్లు కూడా ఆ నష్టాన్ని పెంచాయని తర్వాత పరిశీలించినవాళ్లు రాశారు. మెట్లు కోయకముందు ఆ కొండ తన అడవితో తను నిలబడి ఉండేది. ఒకసారి కోశాక మనిషి చెయ్యి ఏటేటా పడాల్సిందే. మొదలుపెట్టిన పనిని ఆపే హక్కు కూడా పోతుందన్నమాట, ఇది నాకు కాస్త భయం పుట్టించే సంగతి. వాచ్‌మన్ కొడుకు పాలకొండలో డిప్లొమా చదువుతున్నాడు. సెలవులకి ఇక్కడికొచ్చినప్పుడు గచ్చిబౌలి ఆఫీసు భవనాల అద్దాలు చూసి వస్తాడు. వాడు కొండెక్కి కత్తి పడతాడని వాళ్లమ్మా నమ్మడం లేదు, పట్టాలని కోరుకోవడమూ లేదు. మా ఇంట్లోంచి నేను వచ్చేసినప్పుడు మా అమ్మ కూడా అలాగే ఊరుకుంది కాబోలు. ఉద్దానం తోటని ఇప్పుడు పాలికిచ్చాం. ఏడాదికి ఒకసారి పప్పు వస్తుంది, అట్టపెట్టెలో. ఎవరు తుప్ప కొట్టారో అడగాలని ఎప్పుడూ అనిపించలేదు, ఆ నేరేడు చెట్టు కింద వల కట్టేదాకా.

ఆమె మాత్రం అడుగుతుంది. ఈ సంక్రాంతి వెళ్లిన వారానికి, సెల్లార్ మెట్ల మీద కూర్చుని, స్పీకర్ పెట్టి మరిదితో మాట్లాడుతోంది. కొండ మీది తోటకి కూలీల్ని పెట్టి తుప్ప కొట్టించే బాధ్యత అతనిది, డబ్బు పంపేది ఈమె. ఇక్కడి జీతంలోంచి ఫోన్‌పేలో పంపుతుంది. కంప పెరిగిపోయిందట, కూలీలు దొరకడం లేదట, పలాస పిక్కల ధర ఈసారి ఎలా ఉంటుందో తెలియదట, కాబట్టి ఈ ఏటికి కింది వైపు సగం మాత్రం కొట్టించి ఊరుకుందామని మరిది బేరం. దారికి దగ్గరగా ఉండేది కింది వైపే, పని తేలిక. నేను బండి తాళం వెతుక్కుంటున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను. ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది.

“కింద కొట్టి మీద ఒగ్గేస్తే ఏటి లాభంరా? పిక్క మీంచి గదా దొర్లేది! ఆ మీది తుప్పలోనే ఉండిపోద్ది సగం. మీద కొట్టు ముందు. కింద నాను వేసంకాలం వచ్చి చూస్తాను.”

మోకాలు మాటేమిటి అని నేను సైగ చేశాను. చెయ్యి అడ్డంగా ఊపింది, నువ్వుండమ్మా అన్నట్టు. అవతలి నుంచి అతను కూలి రేటు పెంచాలన్నాడు. ఆమె పోయిన ఏటి లెక్క మొదటి నుంచీ తిరగేసి, ఎవరికి ఎంత ఇచ్చిందీ, ఎవరు మధ్యాహ్నానికే దిగిపోయిందీ పేర్లతో సహా చెప్పి, ఆఖరికి మనిషికి ఇంకో యాభై ఒప్పుకుంది. గంజి మాత్రం మరిది భార్యే పోయాలంది.